ఉప్పందిన పాట

కావిల్ ఉప్పుమళ్ళలో జనవరి అంటే మండుటెండ.
నాన్న ఒనోఫ్రే మోకాళ్ళదాకా బురదలో దిగి
తెల్లటి పొరను గోకి గోకి గట్టున కుప్ప పోసేవాడు.
మంచం కింద బస్తాలు, మెట్ల మీద బస్తాలు,
మా ఇంట్లో ఉప్పు పట్టని వస్తువు రేడియో ఒక్కటే.
కొన్నాళ్ళకి దాని గొంతులోనూ గరగర మొదలైంది.

రాత్రి తొమ్మిది దాటాక అందులోంచి ఒకడు పాడేవాడు.
పేరు మాకెప్పుడూ తెలియలేదు,
పేరు చెప్పే వేళకి సరిగ్గా కుక్క మొరిగేది.
"సాల్" అనేవాడు. "సాల్, నా ప్రాణమా, సాల్."
సాల్ అంటే మా భాషలో ఉప్పు.
ఏడేళ్ళ ఉప్పుమడి పిల్లకి ఇంకో సాల్ ఎందుకు తోస్తుంది?

పాపం, తెల్లవార్లూ ఎవరి గుమ్మంలోనో నిలబడి
చిటికెడు ఉప్పు అడుక్కుంటున్నాడే!
ఆ తలుపు వెనక మనిషి ఎంత పిసినారిదో!
చేపల పులుసులోకా, పుక్కిలించడానికా,
దేనికో పాటలో ఎక్కడా చెప్పడు.
అడగడం మాత్రం ఉంది, మూడు చరణాల నిండా.

తమ్ముడు నిబాల్దోది ఇంకో తంటా.
"నీ కిటికీ ఊచల దగ్గర పాడుతున్నా" అని ఆయనంటే
"నీ చెవిలో పాడుతున్నా" అని వీడికి వినబడేది.
రేహా, ఒరేహా. మధ్యన ఒక్క 'ఒ' తేడా.
చెవిలో నిలబడి పాడాలంటే మనిషి
మిడతంత ఉండాలని తేల్చేసి
రేడియో వెనక అట్ట ఊడదీసి వెతికాడు.
వెతికినవాడికీ దీపం పట్టిన నాకూ
దెబ్బలు సమానంగానే పడ్డాయి.

ఒక రాత్రి పాత కాగితంలో
గుప్పెడు ఉప్పు పొట్లం కట్టాను.
చేతి నుంచి చేతికి ఉప్పు ఇస్తే తగువులొస్తాయని నానమ్మ మాట.
అందుకని కిటికీ గట్టున పెట్టాను,
వచ్చి తీసుకుపోతాడులే అని.
తెల్లారేసరికి పొట్లం లేదు.
నాకు ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది.

నలభై ఏళ్ళకి, పిచిలెము బస్సులో
డ్రైవరు ఆ పాటే పెట్టాడు.
పక్కన కూర్చున్న మా ఆయనకి పొట్లం కథంతా చెప్పాను.
ఆయన కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి,
"పిచ్చిదానా, బయటికి రా అంటున్నాడు!" అన్నాడు.
నిజమే, అదీ సాలే.
స్నానాల గది తలుపు బాది రోజుకు పదిసార్లు
మా పిల్లల్ని నేనే అంటాను ఆ మాట.
ముందు సీటువాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను,
ఇసుక మలుపు వచ్చేదాకా.

మలుపులో అమ్మ గుర్తొచ్చింది.
ఆ పాట మొదలైతే క్లోరిందా చేతులు
అంట్ల నీళ్ళలో ఆగిపోయేవి.
రెండు చరణాలు వినేది.
మూడోది రాకముందే తడిచేత్తో రేడియో కట్టేసేది.
"కరెంటు దండగ" అనేది, ఎవరూ అడక్కుండానే.
నాన్న బస్తాల లెక్కలోంచి తలెత్తేవాడు కాడు.
మాది బ్యాటరీల రేడియో.

నాకు ఉప్పు వినబడిన చోట
ఆమెకి ఎవరో ఉప్పందించారు.
బయటికి ఏ దారో, ఎవరి గొంతో,
ఆమె అటు ఎన్ని అడుగులు వేసి వెనక్కొచ్చిందో,
ఏ పాటా చెప్పదు, నేనూ అడగలేదు.

అడిగింది ఒక్కటే, మొన్న ఆదివారం,
ఆమె నాకు వీపు పెట్టి చేపల పొలుసు తీస్తుంటే.
"ఆ పాటలో అతను ఏమంటాడమ్మా?"
కత్తి ఒక్క క్షణం ఆగింది.
"ఉప్పు అడుగుతాడు" అంది,
"నువ్వే కదా ఇచ్చావు."